ఐర్లండు పల్లెల జ్ఞాపకములలో వృత్తికారులు

1937వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఐర్లండు ప్రాథమిక పాఠశాలలందు ఒక క్రొత్త విధమైన పాఠము ప్రారంభమైనది. పదునొకండు మొదలు పదునాలుగేండ్ల వరకు వయస్సు గల బాలబాలికలకు వ్యాసరచనకై కేటాయింపబడిన వేళలో ఉపాధ్యాయుడు ఒక విషయమును పేర్కొనును. విద్యార్థి ఇంటికి పోయి తాతనో, అవ్వనో, పొరుగింటి వృద్ధునో ఆ విషయమును గూర్చి అడిగి, వారు చెప్పినది వ్రాసికొని రావలెను. చెప్పినవారి పేరు, వయస్సు, ఊరు కూడ గుర్తింపవలెను. 1939 ఆరంభము వరకు సాగిన ఈ ప్రయత్నమున సుమారు 5,000 పాఠశాలలు, 50,000 మందికి పైగా విద్యార్థులు పాల్గొనిరి. మూలప్రతులును, ఉపాధ్యాయుల శుద్ధప్రతులును కలిసి లెక్కకు దాదాపు 7,40,000 పుటలు. అప్పటికే బ్రిటిషు పాలననుండి విడివడిన 26 కౌంటీలకు మాత్రమే ఇది వర్తించినది. ఉత్తర ఐర్లండు ఇందు చేరలేదు.

ఈ పుటలందు నిధినిక్షేపములు, వానరాకడ సూచనలు, వైద్యపు చిట్కాలు, దయ్యపు కథలు మొదలగునవి ఎన్నియో కలవు. మన కిచ్చట ప్రస్తుతము పల్లెటూరి వృత్తికారులు. ఉపాధ్యాయుల కిచ్చిన చిన్నపుస్తకములో స్థానికమైన కొలిమి, పూర్వపు చేతిపనులు, ఊరిలో తయారగు బట్టలు, పాదముల సంరక్షణ, సంచారజనులు, స్థానిక కవులు, పాతకాలపు బడులు అను శీర్షికలు వేరువేరుగ నుండెను. కావున కమ్మరి, దర్జీ, నేతపనివాడు, జోళ్లు కుట్టువాడు, రేకుపనివాడు, బడిపంతులు అందఱును పిల్లల చేతివ్రాతలోనికి వచ్చిరి. పల్లె తన పనివారిని ఏ విధముగ జ్ఞాపకముంచుకొనునో తెలిసికొనుటకు ఇంతకంటె విస్తృతమైన ఆధారము ఐరోపాలో అరుదు. అయితే ఆ జ్ఞాపకమును ఎవరు ఎవరి నడిగి వ్రాసిరను ప్రశ్నను ప్రక్కకు పెట్టి దీనిని చదివినచో సగమే చదివినట్లు. ఈ వ్యాసమున ముఖ్యముగ చెప్పదలచిన దిదియే.

ఈ ఉద్యమమును నడపినది 1935లో ప్రభుత్వము స్థాపించిన ఐరిష్ జానపద విజ్ఞాన సంఘము. దానికి అధ్యక్షస్థానీయుడై సర్వమును నడపినవాడు షేమస్ ఓ డిలర్గ (1899–1980). గ్రంథభాండాగార నిర్వాహకుడు షాన్ ఓ సూలవాన్ స్వీడను దేశమునందలి ఉప్సలాలో వర్గీకరణ విధానమును అభ్యసించి వచ్చి, 1942లో సంగ్రాహకులకై ఒక బృహత్తరమైన ప్రశ్నావళీ గ్రంథమును ప్రకటించెను. వారి తొందరకు కారణము కలదు. 1845 మొదలు 1852 వరకు సాగిన బంగాళాదుంప కరవులో పదిలక్షల మంది మరణించిరి. మఱి పదిలక్షల మంది దేశము విడిచిరి. చనిపోయినవారును పోయినవారును ఎక్కువగా నిరుపేదలు, ఐరిష్ భాష మాటాడువారు. వారితోపాటు వారి నోటిలోని కథలును పోయినవి. 1937లో ఎనుబదేండ్ల వృద్ధుడు ఆ కరవును చూచినవాని కొడుకు. ఆ తరము గడచినచో అడుగుటకు ఎవ్వరును మిగులరు.

వృత్తికారులందఱిలో కమ్మరికి దక్కిన స్థానము మఱెవ్వరికిని దక్కలేదు. కొలిమి సాధారణముగ నాలుగుబాటలు కలియుచోటనో, వాగు ప్రక్కనో ఉండెడిది. కొన్ని కొలిముల ద్వారము లాడము ఆకారముననే కట్టబడినది. గుఱ్ఱమునకు లాడములు కొట్టుట, నాగళ్లకు కఱ్ఱులు సాగగొట్టుట, పారలు చేయుట నిత్యకృత్యములు. బండిచక్రమునకు ఇనుపకమ్మి తొడుగుట మాత్రము ఒక పండుగవంటిది. కొలిమి వెలుపల గుండ్రని రాతిపై చక్రమును పరచి, ఎఱ్ఱగ కాలిన కమ్మిని నలుగురు పట్టకార్లతో పట్టి తెచ్చి తొడిగి, తక్షణమే నీళ్లు గ్రుమ్మరింపవలెను. ఆలస్యమైన కొయ్య కాలిపోవును. ఒక్కని వలన కాని పని గనుక చక్రముల నన్నింటిని ఒకేనాటికి కూర్చుకొని, ఇరుగుపొరుగువారు సాయము వచ్చెడివారు. పిల్లల వ్రాతలలో ఈ దృశ్యము మాటిమాటికి వచ్చును. చూచుట కింపైనది గనుకనే నిలిచినది.

కమ్మరి యెడల భయభక్తులు రెండును ఉండెడివి. కాచిన ఇనుమును ముంచి చల్లార్చిన తొట్టినీరు పులిపిరులకు మందు. కమ్మరి దాగలిని త్రిప్పి శపించినచో ఆ శాపము తగులక మానదు. ఈ నమ్మకము నిన్నమొన్నటిది కాదు. సెయింట్ పాట్రిక్ పేర ప్రసిద్ధమైన ప్రాచీన ప్రార్థన యొకటి ఇతర మాంత్రికులతోపాటు కమ్మరుల మంత్రములనుండియు రక్షణ కోరుచున్నది. పురాణకథలలో దేవతల ఆయుధములు చేయు గోయ్‌బ్న్యు కమ్మరియే. 1798 తిరుగుబాటులో కర్షకుల చేతి బల్లెములు పల్లె కొలుములందే తయారైనవి. అందుచేత పట్టుబడిన కమ్మరులు కఠినశిక్షలకు గురియైరి. 140 ఏండ్ల తరువాత పిల్లలు వ్రాసిన పుస్తకములలో గూడ, ఫలానా కొలిమిలో బల్లెములు చేసి పొదలలో దాచిరను మాట వినిపించును.

కమ్మరికి ప్రతిఫలము కేవలము నాణెములలో ముట్టలేదు. రైతు వాని పొలములో దుంపలు త్రవ్వుట కొకనాడు వచ్చి పనిచేయును, లేదా కొలిమికి వంటచెఱకుగ ఎండబెట్టిన పీటుగడ్డలను తెచ్చి వేయును. కొన్ని ప్రాంతములలో నవంబరు మాసపు సెయింట్ మార్టిన్ పండుగ దరిదాపులలో కోసిన పశువు తల కమ్మరికి చెందును. ఇది చదువగనే తెలుగుపల్లెలో కళ్లములోని రాశినుండి ఆయగాండ్రకు కొలిచి యిచ్చు మేర మనకు స్ఫురించును. పోలిక యథార్థమే. కాని ఒక భేదమును మఱువరాదు. మన పల్లెలో ఆ పని కులముతో ముడిపడినది. ఐర్లండులో కొలిమి తండ్రినుండి కొడుకునకు సంక్రమించుట మెండైనను, రైతుబిడ్డ కమ్మరి వద్ద శిష్యుడుగ చేరి ఆ పని నేర్చుకొనుటకు అడ్డు లేదు. వృత్తి పేరుగా మిగిలినది, కులముగా మారలేదు. మాక్ గవన్ అనగా కమ్మరి కొడుకు. ఇంగ్లీషు పాలనలో ఈ ఇంటిపేరు వారు కొందఱు తమ పేరును అనువదించుకొని స్మిత్ అయిరి. మాక్ అన్ టీర్ అనగా కొయ్యపనివాని, లేక శిల్పి కొడుకు. వారిలో కొందఱు కార్పెంటర్ అయిరి. వార్డ్ అను ఇంటిపేరునకు మూలము మాక్ అన్ వార్డ్, అనగా కవి కొడుకు. నేడు ఐర్లండులో స్మిత్ అను పేరు విన్నంతమాత్రమున ఇంగ్లీషువాడని తలచుట తొందరపాటు.

కొలిమి అన్నింటికంటె ముఖ్యముగ మాటల ఇల్లు. గుఱ్ఱపుకాలికి లాడము పడునంతవరకు రైతు కదలరాదు. వానలో పొలముపని ఆగిన దినమున పనిలేనివారును వెచ్చదనముకొఱకు చేరుదురు. వార్తలు, వాదములు, రాజకీయములు, బలపరీక్షలు అన్నియు అక్కడనే. ఇంతటివాడు ఎట్లు కనుమఱుగయ్యెనో చెప్పుట సులభము. 1950, 1960 దశకములలో ట్రాక్టరు వచ్చి గుఱ్ఱమును పొలమునుండి తొలగించినది. లాడములు అక్కఱలేని కొలిమి మూతపడినది.

దర్జీ స్వభావము వేఱు. కమ్మరి యొద్దకు ఊరు పోవును, దర్జీ ఊరి యొద్దకు వచ్చును. పూర్వకాలపు దర్జీ కత్తెర, ఇస్త్రీపెట్టె పట్టుకొని ఇంటింటికి తిరిగి, ఆ ఇంటివారు వడికి నేయించిన ఉన్నిబట్టను వారి ఇంటనే కుట్టెడివాడు. పని ముగియువరకు వాని భోజనము, పడక ఆ ఇంటనే. బల్లమీద కాళ్లు మడచి కూర్చుండి కుట్టుచు, క్రితము ఇంట విన్న సంగతిని ఈ ఇంట చెప్పును. కావున వానికి రహస్యములన్నియు తెలియును, వాని నోటికి అందఱును జంకుదురు. జానపదకథలలో దర్జీని వాచాలుడుగ, కొంటెవాడుగ చిత్రించుటకు మూలము ఈ జీవనవిధానమే యని నా అభిప్రాయము.

తక్కినవారిని గూర్చి క్లుప్తముగ చెప్పిన చాలును. మిల్లుబట్ట వచ్చి నేతపనివానిని ముందుగనే తినివేసినది. గోధుమగడ్డితోనో, రెల్లుతోనో ఇంటికప్పు వేయువాడు, వెన్నకు పాలకు పీపాలు చేయువాడు ఇంకను కొంతకాలము నిలిచిరి. జోళ్లు కుట్టువానిని గూర్చిన వ్రాతలలో జోళ్ల కంటె జోళ్లు లేకుండుటయే ఎక్కువగ కనబడును. వేసవియంతయు పిల్లలు ఉత్తకాళ్లతో తిరుగుట, ఆదివారము చర్చికి పోవుచు జోళ్లను చేతపట్టుకొని నడచి, దగ్గఱకు వచ్చిన పిదప తొడుగుకొనుట వంటి ముచ్చట్లు పెక్కు. కంచెల నీడను, కొట్టములలోను బడి నడపిన పంతుళ్ల విషయము వేఱు గ్రంథమునకు తగినది. 1695 నాటి శాసనము కాథలిక్కులు బడి నడపుటను నిషేధించినందున పుట్టిన ఆ కంచెబడులు, 1831లో ప్రభుత్వపు జాతీయపాఠశాలలు ఏర్పడిన తరువాత క్రమముగ అంతరించినవి. మన వీథిబడి పంతులవలెనే ఆ పంతులును పాండిత్యమునకు, బెత్తమునకు, బీదతనమునకు సమముగ ప్రసిద్ధుడు.

పల్లె జ్ఞాపకముంచుకొన్నది వృత్తికారులనే గాక, ఏ వృత్తియు లేక తమ మాటచేతను తీరుచేతను పేరుపడ్డవారిని గూడ. 1930 దశకమున హార్వర్డు విశ్వవిద్యాలయమునుండి క్లేర్ కౌంటీకి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు కాన్రాడ్ ఆరెన్స్‌బర్గ్, 1937లో ప్రకటించిన గ్రంథమున ఒక పల్లెలో ప్రతిరాత్రి వృద్ధులు చేరు ఇంటిని వర్ణించెను. అక్కడ ఒకనికి న్యాయాధిపతి యని, ఇంకొకనికి సెనేటరని, వేఱొకనికి ప్రభుత్వ అభియోక్త యని మాఱుపేర్లు. సంగతులను వరుసగ బైటికి లాగువాడు మఱొకడు. పరిహాసము వంటి ఈ పేర్ల వెనుక నిజమైన అధికారము కలదని ఆయన గుర్తించెను. ఊరికి సంబంధించిన తగవు అక్కడ నలిగిన తరువాతనే తీరును. పిల్లల వ్రాతలలో విడివిడిగ కానవచ్చు వింతమనుషులు నిజముగ ఒక సభలోని సభ్యులని ఈ గ్రంథము వలన తెలియుచున్నది.

ఇక ఆధారముల స్వభావమును కొంత పరిశీలింపవలెను. పిల్లలు తమ నోటుపుస్తకములలో వ్రాసినదానినుండి మేలైనవానిని ఎన్నుకొని ఉపాధ్యాయులు పెద్దపుస్తకములోనికి ఎక్కించిరి, లేదా ఎక్కింపించిరి. పండితులు ఎక్కువగ చూచునది ఈ శుద్ధప్రతియే. పంతులు తన బడి గౌరవమునకు, చర్చి అభిమతమునకు తగనివి వదలివేయుట సహజము. పెద్దలును మనుమనితో అన్నియు చెప్పుదురా? త్రాగుబోతు దర్జీ, అప్పులవాడైన కమ్మరి, ఊరు విడిచిపోయిన ఆడుబిడ్డ ఆ పుటలలో అరుదు. అదృష్టవశమున పిల్లల మూలపుస్తకములలో పెక్కింటిని గూడ భద్రపఱచిరి. రెంటిని పోల్చి చూచుటకు వీలున్నది. సంఘమువారి ఉద్యోగులైన సంగ్రాహకుల పద్ధతి ఇంతకంటె పటిష్ఠమైనది. మైనపు గొట్టములపై గొంతును ముద్రించు యంత్రముతో వారు ఊరూర తిరిగి, విన్నదానిని అక్షరము పొల్లుపోక వ్రాసిరి. కాని ధనములేమిచేత, వ్రాత ముగిసిన పిదప ఆ గొట్టములను గీకివేసి మరల వాడవలసివచ్చెను. మాట మిగిలినది, గొంతు పోయినది.

తెలుగు పరిశోధకునకు ఇచ్చట మెకంజీ సేకరింపించిన గ్రామకైఫీయతులు గుర్తునకు రాకమానవు. అవియు ఊరూర అడిగి వ్రాసినవే. కాని అడిగినవారు ఆలయములను, అగ్రహారములను, మాన్యములను, ఏలిన వంశములను అడిగిరి. చెప్పినవారు, కవిలెలు చూపినవారు కరణములు, పెద్దలు. అందుచేత కమ్మరి అందు కనబడినను ఇంటిలెక్కలోనో, మాన్యపు లెక్కలోనో కనబడును. అతడు ఎట్లు మాటాడెడివాడో, కొలిమికడ ఎవరు చేరెడివారో కైఫీయతు చెప్పదు. ఆ ప్రశ్న ఎవ్వరును వేయలేదు.

ప్రశ్న వేసి, సమాధానమును ఉన్నదున్నట్లు అచ్చువేసినచో ఏమగునో కార్కు కౌంటీలోని గూగాన్ బారా యను కొండలోయలో తేలినది. అచ్చట టిమ్ బక్లీ యను కుంటికాలి వృద్ధదర్జీ, భార్య ఆన్‌స్టీతోడను, ఒక ఆవుతోడను చిన్న ఇంట నివసించెను. ఊరివారు, పట్టణపు రచయితలు, విద్యార్థులు వాని పొయ్యికడకు చేరి మాటలు వినెడివారు. ఎరిక్ క్రాస్ ఆ సంభాషణలను వ్రాసి 1942లో 'ది టెయిలర్ అండ్ ఆన్‌స్టీ' యను గ్రంథముగ ప్రకటించెను. ఫ్రాంక్ ఓకానర్ దానికి పీఠిక వ్రాసెను. ఎద్దులు, ఆవులు, పెండ్లిండ్లు, పుట్టుకలను గూర్చి రైతుపల్లెలో సహజముగ దొర్లు మాటలు అందున్నవి. ఆ ఏడాదియే నిషేధమండలి ఆ పుస్తకమును అసభ్యమని నిషేధించెను. సెనేటులో నాలుగు దినములు చర్చ జరిగెను. నిషేధమును ఖండించుచు సర్ జాన్ కీన్ చదివి వినిపించిన గ్రంథభాగములను అధికారిక నివేదికనుండి తొలగించిరి. కావున ఆ నివేదికను చదువువానికి వివాదము కనబడును గాని, వివాదాస్పదమైన వాక్యము కనబడదు.

ఆ తరువాత జరిగినదానిని ఓకానరు వ్రాసియున్నాడు. ముగ్గురు మతాచార్యులు వచ్చి, ఆ వృద్ధుని మోకరిల్లజేసి, తన పుస్తకమును తన పొయ్యిలోనే తన చేతులతో కాల్పించిరి. ఇరుగుపొరుగు వారిలో పలువురు రాకపోకలు మానిరి. ఏండ్ల తరబడి మనుషులతో నిండిన ఆ ఇల్లు నిర్మానుష్యమైనది. బక్లీ 1945లోను, ఆన్‌స్టీ 1947లోను మరణించిరి. నిషేధము తొలగినది 1960 దశకములో.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. అదే 1942లో జానపద విజ్ఞాన సంఘపు సంగ్రాహకుడు షాన్ ఓ క్రోనీన్ ఆ దర్జీ నోటనే ఐరిష్ భాషలో కథలను, సంగతులను వ్రాసికొనెను. ప్రభుత్వమునందలి ఒక శాఖ వాని మాటను జాతిసంపదగ భద్రపఱచుచుండగా, వేఱొక శాఖ ఆ మాటనే అసభ్యమని తీర్మానించెను. ఐరిష్‌లోని ఆ సంగ్రహము 1978లో గ్రంథముగ వెలువడినది. పండితుల పెట్టెలో నున్న మాటకు లేని ప్రమాదము, బజారులో అమ్మకమునకు వచ్చిన మాటకు కలిగినది. దర్జీని తలచుకొనువారు నేడు ఆయన చమత్కారముతోపాటు ఆ పొయ్యిని గూడ తలచుకొనక తప్పదు. గూగాన్ బారాలోని వాని సమాధిరాయిని చెక్కినది మిత్రుడైన శిల్పి షేమస్ మర్ఫీ. ఆ మర్ఫీయే కార్కు నగరములో తాను పనినేర్చుకొన్న రాతిపనివారి జీవితమును, వారి పనిముట్లను, తగవులను, పరిహాసములను 1950లో 'స్టోన్ మ్యాడ్' అను గ్రంథముగ వ్రాసెను. వృత్తికారుడు తన తోటివారిని గూర్చి తానే వ్రాసిన ఇట్టి గ్రంథములు కొద్ది. పనిముట్టు చేతిలో ఎట్లు ఒదుగునో, ఏ రాయి ఎట్టి దెబ్బకు లొంగునో మర్ఫీకి తెలిసినంతగ పిల్లవాని నోటుపుస్తకమునకు తెలియదు.

తుదకు సంచారజనులు. వీరిలో రేకుపనివారు ముఖ్యులు. గుడారములలో, బండ్లలో తిరుగుచు పాలచెంబులు, డబ్బాలు చేయుట, చిల్లుపడిన గిన్నెలకు మాట్లు వేయుట, గాడిదల బేరము వారి జీవనాధారములు. వారికి తమలో తాము మాటాడుకొను రహస్యభాష యొకటి కలదు. పండితులు దానిని షెల్టా యందురు. బడిపిల్లల వ్రాతలలో వీరికొక శీర్షిక యున్నదని పైన చెప్పితిని. కాని అందు మాటాడునది ఎవరు? ఇల్లు వాకిలి గలవాని బిడ్డ, తన ద్వారమున నిలిచినవానిని గూర్చి వ్రాసినది అది. రాక ఎప్పుడు, బిచ్చమేమి వేసిరి, దొంగిలింతురని అమ్మ ఏమి జాగ్రత్తపడెను అను మాటలే ఎక్కువ. 1952లో సంఘము ప్రత్యేకముగ వీరిని గూర్చియే ఒక ప్రశ్నావళిని పంపెను. ప్రత్యుత్తరములు వ్రాసినవారు మరల స్థిరనివాసులే. కమ్మరిని గూర్చి ఊరు చెప్పిన మాటను కమ్మరి మనుమడు సరిదిద్దగలడు. ఈ జనుల విషయమున సరిదిద్దుటకు ఆ పుటలలో వారికి చోటే లేకపోయెను.

ప్లాస్టికు బక్కెట్టు రేకు డబ్బాను తొలగించిన కాలముననే, 1963లో, సంచారజీవనమును విచారించిన ప్రభుత్వసంఘపు నివేదిక వెలువడినది. వీరిని స్థిరసమాజములో కలిపివేయుటయే పరిష్కారమని అది సూచించెను. తద్విరుద్ధముగ వీరు ప్రత్యేకమైన జాతిసముదాయమని ఐర్లండు ప్రభుత్వము 2017 మార్చి 1న గుర్తించినది. ఆ ఏడాదియే జానపద విజ్ఞాన సంఘపు సంగ్రహమునకు యునెస్కో ప్రపంచస్మృతి జాబితాలో స్థానము లభించినది. 1971లో సంఘము రద్దయినది మొదలు ఆ సంగ్రహము డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలయందు ఉన్నది.

అయినను ఆ సంగ్రహకాలములోనే ఒక మినహాయింపు కలదు. లాంగ్‌ఫర్డ్ కౌంటీలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడైన పాడ్రిగ్ మాక్ గ్రేనె (1900–2007), 1930 దశకమున, సంచారజనుల గుడారములకు తానే పోయి, వారి కథలను, వారి భాషలోని పదములను వారి నోటనే విని వ్రాసి, ఐరిష్ జానపద విజ్ఞాన సమితి పత్రికలో ప్రకటించెను. ఆయనకు కథలు చెప్పినవారిలో ఓనీ పవర్ అను వృద్ధురాలు ముఖ్యురాలు. ఆమె కథలను 1952 నాటి ప్రత్యుత్తరముల ప్రక్కన నుంచి చదివినచో, ద్వారమునకు లోపల నిలిచినవాని జ్ఞాపకమునకును, వెలుపల నిలిచినవాని జ్ఞాపకమునకును గల దూరము అక్షరాల కొలిచి చూడవచ్చును.